పగిలిన గోడ

మాన్కోలి గోదాముల వరసలో నిప్పంటుకున్న రాత్రి, మంట ముందుకు పాకకుండా బంబు వాళ్ళు పక్కనున్న చిన్న కార్ఖానా గోడ పగలగొట్టి లోపలి నుంచి నీళ్ళు కొట్టారు. అవతలి గోదాములు దక్కాయి. ఆ కార్ఖానా సిరిసిల్ల నుంచి వచ్చిన మన పద్మశాలి ఒకాయనది. సాంచాలు కాలలేదు గాని తడిశాయి, తానులు బురదపాలయ్యాయి. ఆ తానులు ఆయనవీ కావు. నూలిచ్చి, మీటరుకింత అని కూలి కట్టే సేఠ్‌వి.

నాలుగో రోజు బ్యాంకుకు వచ్చి, "నష్టపరిహారం అడగొచ్చునా సారూ?" అన్నాడు. అంతలోనే నొచ్చుకున్నాడు. "పానాలకు తెగించి వచ్చిండ్రు. వాళ్ల మీద అర్జీ పెడితే పాపం తగుల్తదేమో."

నిప్పు ఆర్పే నీళ్ళ వల్ల కలిగిన నష్టాన్నీ బీమాలో అగ్నినష్టంగానే లెక్కకడతారు. కాని ఆయన బీమా మేం పట్టుబట్టిన సాంచాల వరకే, సరుకుకు లేదు.

ఇక కోర్టు. 1975లో ఆంధ్రప్రదేశ్‌లో అధికారులు పట్టుకున్న ఎరువులు చెడిపోతే, నాగేంద్రరావు అండ్ కో అనే వ్యాపార సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1994లో గెలిచింది. అయితే అక్కడ అధికారుల నిర్లక్ష్యం ఉంది. ఇక్కడేదీ? గోడ పగలగొట్టడమే సరైన పని.

మరి తప్పు లేనిచోట బాకీ ఉండదా? బి.కాం.లో చదివిన ఓడ లెక్క గుర్తొచ్చింది. తుఫానులో ఓడ మునగకుండా కప్తాను ఒకరి సరుకును సముద్రంలో పారేయిస్తే, ఆ నష్టాన్ని ఓడ యజమానీ, సరుకు దక్కిన వాళ్ళూ వాటాలు వేసుకుని భరించాలి. జనరల్ యావరేజ్ అంటారు. రోమన్ల నాటి నుంచీ ఉన్న రివాజు. కప్తానుది తప్పా అని అక్కడ ఎవరూ అడగరు. నీళ్ళ మీద ఇంత న్యాయం తెలిసిన వర్తకులం, నేల మీద దాన్ని ఎందుకు మరిచామో!

కాబట్టి బంబు వాళ్ళకు చేతులెత్తి మొక్కుతూనే పరిహారం అడగవచ్చు. బాకీ పడింది వాళ్ళు కాదు, దక్కినవాళ్ళు. అందరి తరఫునా సర్కారు ఖజానా.

దాచకూడని మాట ఒకటుంది. దక్కిన గోదాముల్లో ఒకదాని సరుకు మా బ్యాంకుకే తాకట్టు. నిప్పు సంగతి తెలిసినప్పుడు నేను ముందు విచారించింది దాని గురించే.

కలెక్టరుకు అర్జీ నేనే రాసిపెట్టాను. ఎవరు చెల్లించాలని రాయమంటావని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, "మీ బ్యాంకు పేరు గూడ రాస్తరా సారూ?" అన్నాడు.