పెండ్లి లేని కాపురము, ఇద్దరి పేర ఇల్లు

ఈ సంగతి సంఘ పత్రికలో వ్రాయదగినదా అని కొందరు అడుగవచ్చును. అయితే మన గ్రామములవారు పనికొరకు పట్టణములకు పోవుచున్నారు. అక్కడ పెండ్లి లేకయే కాపురముండి, ఇద్దరి పేర ఇల్లు కొని, పిమ్మట విడిపోవువారును కలరు. అప్పుడు ఆ ఇల్లు ఎవరిది?

"ఆ కూడికయే పాపమైనప్పుడు వాటా ఏమిటి?" అని పెద్దలు తేలికగా అనివేయుదురు. ఈ మాట స్త్రీతో చెప్పుటయే గాని, పురుషుని ఇల్లు విడిచిపొమ్మనుట నేను వినలేదు. యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో, కోతగాండ్ర కూలి బిగబట్టిన ధనవంతులను గద్దించుచు, ఆ కూలివారి నడత ఎట్టిదని విచారింపలేదు. కూడిక తప్పని మనము బోధింతుము. ఆమె సొమ్ము ఆమెకు ఇయ్యకుండుట మరియొక తప్పు.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 45వ సెక్షను పెండ్లి అయినదా అని అడుగదు. వేరే ఒప్పందము లేనప్పుడు ఎవరు పెట్టిన సొమ్మును బట్టి వారి వాటా. ఎవరెంత పెట్టిరో రుజువు లేనియెడల సమభాగములు. ఆరు లక్షల యింటికి అతడు నాలుగు, ఆమె నగలమ్మి రెండు ఇచ్చినయెడల ఆమెది మూడవ వంతు. ఇల్లు చేనువలె గట్టు వేసి పంచుటకు వీలుకాదు గదా. గనుక 1893 నాటి విభజన చట్టము క్రింద న్యాయస్థానము దానిని అమ్మించి సొమ్ము పంచవచ్చును.

2005 నాటి గృహహింస చట్టము, వివాహమువంటి సంబంధములోనున్న స్త్రీని చట్టప్రకారము తప్ప ఇంటినుండి వెళ్లగొట్టరాదనుచున్నది. అయితే కలసియున్న ప్రతివారికిని ఇది వర్తింపదని 2010లో సుప్రీంకోర్టు చెప్పెను. వారు పెండ్లికి అర్హులై, లోకమెదుట భార్యాభర్తలవలె తగినంత కాలము ఉండి యుండవలెను.

చిక్కు ఇక్కడనే. అప్పు వాయిదాల రసీదులన్నియు అతని పేరనుండును. ఆమె కూలి డబ్బు బియ్యమునకును, పిల్లల జీతములకును పోయెను. అది అటు పోయినందుననే గదా అతని జీతము వాయిదాలకు మిగిలినది! రసీదు లేదని ఆ సొమ్మును లెక్కింపకుండుట నాకు న్యాయముగా తోచదు. ఆమెకును ఇదే మాట: ఏమియు పెట్టక, పాటుపడక, పత్రములో పేరున్నదని సగము కోరరాదు.

లూకా 12వ అధ్యాయములో ప్రభువు అన్నదమ్ముల పంపకమునకు తీర్పరిగా ఉండనొల్లలేదని చెప్పి పెద్దలు తప్పించుకొందురు. ఆయన లోభమును గూర్చి హెచ్చరించెనే గాని పంచవద్దనలేదు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి పాసుపుస్తకములు తెప్పించుడి. నోటిమాట చాలదు, వాటా వదలుకొను పత్రము రిజిస్టరు కావలెను. అతడే ఇంటిలో ఉండదలచినయెడల, వెల చేతికి వచ్చిన తరువాతనే ఆమె సంతకము చేయవలెను.