ప్రధానోపాధ్యాయుని వాక్కు

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ పాఠశాలలలో తల్లిదండ్రుల సమావేశములు ఒక్కనాడే జరిగినవి. మా నూజెండ్ల వంటి పల్నాటి మండలములలో అట్టి సభయందును, విలేఖరుల యెదుటను పలుకవలసినవాడు ప్రధానోపాధ్యాయుడు. అతనికి మాటనేర్పు బోధింపవలెనా? తప్పక బోధింపవలెను. తన మంచిని చెప్పుకొనలేని బడి ఊరిలో చులకనయగును.

అయితే ఆ శిక్షణలో మరియొక విద్య చొరబడును: అడిగిన ప్రశ్నను విడిచి, ముందే సిద్ధపరచుకొన్న మాట చెప్పుట. మరుగుదొడ్డిలో నీరు లేదేమని ఒక తల్లి యడుగగా, పదవ తరగతి ఉత్తీర్ణతా శాతమును వినిపించుట అసత్యము కాదు, వంచన. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులకే యిచ్చినది, సగముమంది స్త్రీలుండవలెనన్నది. వారు వట్టి శ్రోతలు కారు, లెక్క యడుగువారు. పాల్కురికి సోమనాథుడు జానుతెనుగును చేపట్టినది జనులకు తెలియుటకే గదా!

చిక్కొకటి కలదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారము ఉద్యోగి ప్రభుత్వమును బహిరంగముగా విమర్శింపరాదు. నీరు లేదనుట విమర్శయా, సమాచారమా? సమాచారమేయని నా తలంపు. పిల్లల పేర్లు, ఇంటి కష్టములు మాత్రము విలేఖరికి చెప్పరాదు. అవి బడివి కావు, ఆ పిల్లలవి.