వంటశాలలో కాయకము: పొదుపునకు హద్దు ఎక్కడ?

అన్నము పెట్టుట పుణ్యము, అమ్ముట పాపము అను మాట మన పల్లెలలో చిరకాలముగా వినవచ్చుచున్నది. కాని పూటకూళ్ళ ఇల్లు లేనినాడు బాటసారికి దిక్కెవరు? కాయకమునే పూజగా నెంచిన బసవేశ్వరుని మార్గమున నిలిచి చూచినచో వంటవాని వృత్తి మరి ఏ వృత్తికిని తీసిపోదు. విచారింపవలసినది అన్నమును అమ్మవచ్చునా అని కాదు, ఎట్లు అమ్మవలెనని.

నెల్లూరు తీరమున ముత్తుకూరు మండలమునే చూడుడు. వరిపొలములు, రొయ్యల చెరువులు గల ఈ ప్రాంతమున 2008లో కృష్ణపట్నపు ఆధునిక రేవు పని ప్రారంభించినది. పిమ్మట నేలటూరులో తాపవిద్యుత్ కేంద్రము వెలసినది. లారీ డ్రైవర్లకు, ఇల్లు విడిచి వచ్చిన పనివారికి భోజన హోటలు విలాసము కాదు, అవసరము. ఇట్టి హోటలులో కుర్రవాడు గిన్నెలు కడుగుటతో మొదలిడి, కూరలు తరిగి, పోపు నేర్చి, ఏండ్లకు వంటమాస్టరగును. గరిటె చేతికి వచ్చిననాడే యజమాని లాభనష్టములును అతని చేతికి వచ్చును.

నూరు రూపాయల భోజనములో సుమారు మూడవ వంతు సరుకులకు పోవునని హోటలువారి వాడుక లెక్క. జీతములు, అద్దె, గ్యాసు, కరెంటు మిగిలినదానిలోనే గడవవలెను. 2017 నవంబరు నుండి సాధారణ హోటళ్ళు 5 శాతము జి.ఎస్.టి. వసూలు చేయుచున్నను, సరుకులపై తాము కట్టిన పన్నును తిరిగి పొందజాలవు. కనుక పొదుపు తప్పదు.

ఆ పొదుపునకు రెండు దారులు కలవు. వచ్చువారి సంఖ్యను దినదినము వ్రాసియుంచి తగినంత బియ్యమే ఎసట వేయుట, సంతలో చౌకగా దొరికిన కాయతోనే ఆనాటి కూర వండుట, మిగిలిన అన్నమును కొలిచి మరునాటి లెక్క సరిచేయుట ఒక దారి. 19 కిలోల వాణిజ్య సిలిండరునకు మారుగా 14.2 కిలోల ఇంటి సిలిండరు వాడుట, కాగిన నూనెనే మరల మరల కాచుట, గిన్నెలు కడుగువాని జీతము కోయుట రెండవ దారి. కాగిన నూనెలో పోలార్ పదార్థములు 25 శాతము మించరాదని 2018 జూలై నుండి ప్రభుత్వ నియమము కూడ కలదు. మొదటి దారి వ్యర్థమును తగ్గించును. రెండవది పరుల సొత్తును, ఆరోగ్యమును హరించును.

కళ్యాణమున నేలరాలిన బియ్యపుగింజలను ఏరి దాసోహము సాగించిన ఆయ్దక్కి మారయ్య కథ శరణులకు తెలియనిది కాదు. ఒకనాడు అతడు అవసరమునకు మించి బియ్యము తేగా, భార్య లక్కమ్మ దానిని తెచ్చినచోటనే పోసి రమ్మన్నది. ఆ తల్లి కోసినది తమ ఆశనే గాని అతిథి విస్తరిని కాదు. హోటలు లెక్కకును ఇదియే కొలత.

పొరుగువాడు కల్తీ చేసి చౌకగా అమ్ముచుండగా నిజాయితీపరుడు నిలుచుటెట్లని అడుగవచ్చును. కొందరు గిరాకీదారులు పోవుట నిజమే. అయినను పది కూరలు నిజాయితీతో పెట్టలేనివాడు, నాలుగే కూరలని ముందే చెప్పి, ధర దాచక పెట్టుట మేలు. తిన్నవాని కడుపునకు కీడు చేయని లాభమే వంటవానికి న్యాయమైన కూలి.

ఈ కొలత హోటలునకే కాదు, మఠముల దాసోహమునకును, మన ఇండ్ల పెండ్లిపంక్తులకును చెల్లును. ఎంగిలి విస్తళ్ళతో అన్నమును కుప్పపోసి, వంటవానికి కూలి తగ్గించు ఇంట పొదుపును లేదు, దాసోహమును లేదు.