వ్యాపార ప్రకటనలో రాజకీయ హాస్యం: శ్లేష, నైతికత

వెన్న అమ్మే సంస్థ ప్రభుత్వాన్ని పరిహసిస్తే దానిని విమర్శగా స్వీకరించవచ్చునా, లేక అమ్మకపు ఉపాయంగానే భావించాలా? ఈ ప్రశ్నను అమూల్ ప్రకటన ఒకదాని ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గుజరాత్ పాల ఉత్పత్తిదారుల సహకార వ్యవస్థకు చెందిన అమూల్ వెన్న ప్రచార బాధ్యతను 1966లో సిల్వెస్టర్ డకున్హా స్వీకరించారు. చుక్కల గౌను పాప ఆ ప్రచారంలోనే రూపుదిద్దుకొంది. ముందస్తు ఆమోదం కోరకుండానే ప్రకటనలను వెలువరించే స్వేచ్ఛను వర్గీస్ కురియన్ వారికి ఇచ్చారు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, ఆ పాప వెన్న పళ్లెం పట్టుకొని, నిర్బంధ స్టెరిలైజేషన్‌ను తాము ఎప్పటినుంచో పాటిస్తున్నామని చెప్పింది. అప్పటికి పత్రికలపై సెన్సారు అమలులో ఉంది. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు సాగుతున్నాయి.

ఈ వాక్యానికి శ్లేష ప్రాణం. ఆ ఆంగ్లపదానికి క్రిములను నిర్మూలించడమనీ, సంతానశక్తిని తొలగించడమనీ రెండర్థాలు. పైకి స్వీయశుచిత్వ ప్రశంస, లోపల పాలకనింద. స్తుతి ద్వారా నిందనూ, నింద ద్వారా స్తుతినీ వ్యక్తం చేయడాన్ని ఆలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’లో ఈ మార్గాన్ని దైవం విషయంలో అనుసరించాడు. అయితే కవి తన మాటకు తానే బాధ్యుడు. ప్రకటనలోని మాటకు కర్త కనిపించడు. పాలకులు ఆగ్రహిస్తే నష్టపోయేది ఆ చమత్కారంతో ప్రమేయం లేని పాడి రైతు కావచ్చు.

ఇంతకన్నా గంభీరమైన ఆక్షేపణ మరొకటి ఉంది. ఈ శ్లేష తెలుగులో నిలవదు. మనకు పాలశుద్ధి వేరు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స వేరు. రెండింటినీ కలిపే ఒక్క పదం లేదు. కనుక ఆ హాస్యం ఆంగ్లం తెలిసినవారికే అందింది. కత్తికి గురైన పేదలలో అత్యధికులకు ఆ భాష రాదు. వేదన ఒకరిది, నవ్వు మరొకరిది. బాధితుని గురించి పలికిన ఆ మాట బాధితునితో పలికినది కాదు.

అంతమాత్రాన ఆ ప్రకటన విలువలేనిదని తీర్మానించడం న్యాయం కాదు. నోళ్లు మూయించిన కాలంలో, అందరూ ఎరిగి పైకి అనలేని విషయాన్ని అది వీధిలో నిలబెట్టింది. అక్కడ శ్లేష పలికేవానికి కవచం. సూటిగా మాట్లాడగల కాలంలో అదే శ్లేష, ఏ పక్షాన్నీ నొప్పించక అందరికీ సరుకు అమ్ముకొనే దాటవేతగా మారగలదు. అలంకారం ఒక్కటే అయినా, దాని నైతిక విలువ సందర్భాన్ని బట్టి మారుతున్నది.

కాబట్టి వ్యాపార హాస్యాన్ని లాభదృష్టి ఉన్నదన్న కారణంతోనే తిరస్కరించనక్కరలేదు. రాజాశ్రయంలో వెలువడిన చాటువులను ఆ కారణంగా మనం తోసిపుచ్చలేదు. ఆ మాటకు మూల్యం ఎవరు చెల్లిస్తారు, ఆ నవ్వులో బాధితునికి చోటున్నదా అన్నవే అడగవలసిన ప్రశ్నలు. 1976 నాటి ప్రకటన మొదటి ప్రశ్నకు కొంతమేరకు నిలుస్తుంది, రెండవదానికి నిలవదు.