కంచు గంట, ఉక్కు గంట



దేవుని మందిరమునకు గంట చేయించుటకు ఏ లోహము తగినది? కంచే తగినదని పెద్దలు చెప్పుదురు. ఇంచుమించు నాలుగు పాళ్ల రాగికి ఒక పాలు తగరము కలిపి పోసిన కంచు గంట తీయగా మ్రోగును; దాని నాదము చాలసేపు నిలుచును. అయితే కంచు ఖరీదైనది. పేద సంఘము చౌక లోహముతో గంట చేయించినయెడల దేవునికి అగౌరవమగునా? జర్మనీ దేశపు గంటల చరిత్ర ఈ విషయమై ఆలోచింపదగిన పాఠము నేర్పుచున్నది.

ఆ దేశములోని బోఖుం పట్టణమున జాకబ్ మాయర్ అనునతడు 1850 తరువాతి సంవత్సరములలో పోత ఉక్కుతో పెద్ద గంటలు చేయనారంభించెను. 1855లో పారిస్ ప్రదర్శనమున వాటిని చూచిన పోటీదారులు, ఇది ఉక్కు కాదు, వట్టి పోత ఇనుమే అని ఆక్షేపించిరి. పోత ఇనుము సమ్మెట దెబ్బకు పగులునే గాని సాగదని మన కమ్మరులెరుగుదురు. కాబట్టి గంటను పగులగొట్టి, ముక్కను కొలిమిలో కాల్చి, సాగగొట్టి చూపి, అది ఉక్కేనని రుజువు చేసిరి.

ఉక్కు గంటకు లోపములు లేకపోలేదు. కంచు గంట పలికిన స్వరమే పలుకవలెనన్న దానిని మరింత వెడల్పుగా పోయవలెను. దాని నాదము కొంచెము బిరుసుగా నుండి త్వరగా అణగిపోవును. కాపాడనియెడల తుప్పు పట్టును. అయినను వెల తక్కువ గనుక కంచు కొనలేని సంఘములు దానిని సంతోషముతో కట్టుకొనెను.

తరువాత యుద్ధములు వచ్చెను. 1917లో జర్మనీ ప్రభుత్వము చర్చిల కంచు గంటలను, ఆర్గనుల ముందు వరుసలోని తగరపు గొట్టములను ఆయుధ సామగ్రి కొరకు తీసికొనెను. 1940లో మరల గంటలను తీసికొనుటకు ఆజ్ఞ వెడలెను. ఆరాధనకు పిలిచిన వేలాది గంటలు కొలిమిలో కరిగిపోయెను. నాగటి నక్కులు ఖడ్గములగుటను గూర్చి యోవేలు 3:10లో చదువుచున్నాము గదా! ఉక్కు గంటలలో రాగియు తగరమును లేనందున అవి ఆ సేకరణకు పనికిరాక గోపురములలోనే మిగిలెను. పోయిన తగరపు గొట్టములకు బదులు అనేక ఆర్గనులలో జింకు గొట్టములు నిలిపిరి. పాట ఆగలేదు.

ఇందునుబట్టి ఉక్కే పవిత్రమని మేము చెప్పము. ఆ బోఖుం కార్ఖానాయే యుద్ధకాలములో ఆయుధములను కూడ తయారు చేసెను. అణుబాంబు వలన 1945లో నాశనమైన హిరోషిమా పట్టణమున 1954లో ప్రతిష్ఠింపబడిన శాంతి స్మారక మందిరమునకు ఉక్కు గంటలను కానుకగా పంపినదియు ఆ బోఖుమే. లోహమునకు తన యంతట నీతియు లేదు, దోషమును లేదు. దానిని ఏ పనికి అప్పగింతుమో అందుకు మనుష్యులమైన మనమే లెక్క చెప్పవలెను.

అయితే ఒక సహోదరుడు ఇట్లు అడుగవచ్చును: “వెల ఇయ్యక బలి అర్పింపనని దావీదు అరౌనాతో అనలేదా? (2 సమూ. 24:24). దేవునికి చౌకదానిని ఇచ్చుట న్యాయమా?” ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఇంట పెండ్లికి పొలము తాకట్టు పెట్టి ఖర్చు చేసి, మందిరమునకు మాత్రము మిగిలినదానిని ఇచ్చువానికి ఈ వాక్యము గద్దింపే. కాని లేమి వేరు, లోభము వేరు. కలిగినదాని కొలదియే కానుక ప్రీతికరమగునని పౌలు బోధించెను (2 కొరింథీ. 8:12).

మరియొక హెచ్చరిక గలదు. షీషకు బంగారు డాళ్లను దోచుకొనిపోగా, రెహబాము ఇత్తడి డాళ్లు చేయించి, మునుపటి ఆడంబరమునే సాగించెను (2 దిన. 12:9-11). ఇత్తడి చేయించుటలో తప్పు లేదు. పోగొట్టుకొనినదానిని గూర్చి దుఃఖపడక, పైమెరుగుతో సరిపెట్టుకొనుటయే అపాయము. ఉక్కు గంట తాను కంచునని చెప్పుకొనలేదు. ఉక్కునని రుజువు చేసికొని మ్రోగెను.

కాబట్టి ప్రియులారా, పొరుగు ఊరి గంటను చూచి అప్పు చేసి కంచు గంట కొనవద్దు. ఆ అప్పును గూర్చి కలహించు సంఘమునకు గంట పిలుపు ఎట్లు వినబడును? రైలు పట్టా ముక్కను చెట్టుకు వ్రేలాడగట్టి కొట్టుచున్న సంఘము సిగ్గుపడనక్కరలేదు. ఇశ్రాయేలీయులకు వెండి బూరలుండెను (సంఖ్యా. 10:2), అయినను యెరికో గోడలు కూలిన దినమున యాజకులు ఊదినవి పొట్టేలు కొమ్ములే (యెహో. 6). శక్తి కలిగినప్పుడు మంచి గంటను కట్టుకొందము. అంతవరకు ఉన్నదానిని వేళకు కొట్టుదము. అది మ్రోగగానే కలహమును ఇంట విడిచి, పొరుగువానిని వెంటబెట్టుకొని వత్తము. ప్రేమ లేనివాడు వట్టి మ్రోగే కంచని అపొస్తలుడు చెప్పినది (1 కొరింథీ. 13:1) గంటను గూర్చి కాదు, మనలను గూర్చియే.