అరగాల్సింది ఎవరు?

మునగాల దగ్గరి మా తండాలో, మా ఇంట్లో ఒక గ్రామఫోను ఉంది. కీ ఇస్తే పాడుతుంది, కరెంటు అక్కర్లేదు. మా తాత పెళ్లిళ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర కొన్నేళ్లు పనిచేశాడు. జీతం బాకీ పడితే, డబ్బులకు బదులు ఆయన ఈ పాత పెట్టె ఇచ్చి పంపాడట. తాత దాన్ని నెత్తిన పెట్టుకొని తండాకు నడిచి వచ్చాడు.

మొన్న తీజ్ పండుగకు దాన్ని అటక మీంచి దించాం. పాట మొదలైందో లేదో పరుగు అందుకుంది. పాడే మనిషి గొంతు కీచుమంది. పిల్లలు పడీపడీ నవ్వారు. "ఫోన్ల అన్ని పాటలున్నయి బాపూ, దీన్ని పాతసామానుకు వేసెయ్" అన్నాడు మావాడు. మనసొప్పక కోదాడ తీసుకుపోయాను. గడియారాలు, కుట్టుమిషన్లు బాగుచేసే ఒక పెద్దాయన దాన్ని విప్పాడు.

లోపల పని ఇది. కీ తిప్పితే డబ్బాలోని ఉక్కు స్ప్రింగు బిగుసుకుంటుంది. అది విచ్చుకుంటూ పళ్లచక్రాలను తిప్పుతుంది. ఆ వేగానికి పగ్గం గవర్నరు. సన్నని ఉక్కు పట్టీల మీద మూడు చిన్న గుండ్లు గిర్రున తిరుగుతుంటాయి. వేగం పెరిగితే అవి బయటికి సాగి ఒక బిళ్లను లాగుతాయి. ఆ బిళ్ల తోలు ముక్కకు రాసుకుంటుంది, వేగం తగ్గుతుంది. నిమిషానికి 78 చుట్ల దగ్గర పాటను నిలబెట్టేది గోరంత తోలు. మాదాంట్లో అదే అరిగిపోయింది.

"నాసిరకం తోలేమో కాకా" అన్నాను.

"తోలు మంచిదే సారూ. అరగనీకే పెట్టిండ్రు దాన్ని. అది అరగకుంటే బిళ్ల అరుగుతది. బిళ్ల పోతే మిషినే పోతది."

పాత చెప్పులోంచి ముక్క కోసి, నూనెలో నానబెట్టి బిగించాడు. రికార్డు కింద కాగితం ముక్క పెట్టి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాడు. పాట దారికొచ్చింది. నాకు మాత్రం ఆయన మాట దగ్గరే మనసు ఆగిపోయింది.

ఆ పెట్టెలో సూదిదీ అదే బతుకు. పాత రికార్డు లక్కతో, రాతిపొడితో చేసింది. అది ఉక్కు సూదిని అరగదీస్తుంది. అందుకే ఒక పక్క పాడగానే సూది మార్చాలి. మార్చకపోతే అరిగిన సూది పాట గాడిని కోస్తుంది.

ఇక ఆ లక్క ఎక్కడిది? మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై పురుగులు పెట్టేది. ఛోటానాగపూర్ అడవుల్లో ముండా, ఒరావ్ వంటి ఆదివాసులు దాన్ని గీకి సేకరించారు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డయింది. 1908లో అక్కడే రికార్డులు అచ్చొత్తే కార్ఖానా వచ్చింది. రికార్డు బిళ్ల మీద కంపెనీ పేరుంది, గాయని పేరుంది. లక్క గీకిన చేతికి పేరు లేదు.

యంత్రంలో ఏదో ఒకటి అరగక తప్పదు. ఏది అరగాలో చేసినవాడు ముందే తేల్చుకుంటాడు: చౌకది అరిగి, ఖరీదైనది నిలవాలి. తోలు విషయంలో అది న్యాయమే. తోలుకు ఆకలి లేదు, పిల్లలు లేరు. మనుషుల మధ్య కూడా ఇదే లెక్క నడిస్తే? ఫలానావాళ్లు అరగడానికే పుట్టారని ఎవరో ముందే తేల్చేస్తే?

"మా యాడీ కూడా మాకోసం అరిగిపోయింది కదా, అది తప్పా?" అని మీరు అడగవచ్చు. యాడీ తానే ఎంచుకుందని సులువుగా అనేస్తాం. ఆమెకు వేరే దారి ఉండిందా అని అడిగామా? ఉండీ మనకోసం అరిగితే అది ప్రేమ. లేకుండా అరిగితే అది మనం తీర్చాల్సిన బాకీ. రెండూ కలిసి ఉండవచ్చు. ప్రేమ ఉంది కదా అని బాకీ కొట్టేయలేం.

కాకా చేసింది చిన్న రిపేరే. కానీ పాట చెడితే ఆయన పాటను తిట్టలేదు, అరిగినదాన్ని వెతికాడు. బడిలో పిల్లవాడు వెనకబడితే, తండాలో కుర్రాడు చదువు మానేస్తే, మనం ముందు వాళ్లను తిడతాం. ఏది అరిగిందో విప్పి చూడం.

ఇంటికొచ్చి పాట పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పాట అయ్యాక మావాడు అడిగాడు: "తాతకు రావాల్సిన జీతం ఎంత బాపూ?"

ఎంతో మాకెవరికీ తెలియదు. ఎవరూ రాసి పెట్టలేదు.