ఆకాంక్షయు బాధయు

వాక్యమును వినువాడు వాక్యాంతమువఱకు ఊరకయుండునా, లేక రాబోవు పదమునకై ఎదురుచూచునా అను విషయమును మన శాస్త్రకారులు మిక్కిలి సూక్ష్మముగా విచారించియున్నారు. 17వ శతాబ్దమునకు చెందిన ఆంధ్రుడగు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున, వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును హేతువులని నిరూపించెను. ఆకాంక్ష పదముల ధర్మమే యైనను, దాని భారమును మోయునది శ్రోత మనస్సు. ‘అవ్వ పొయ్యిమీది పాలను’ అని పలికి ఒకరు ఆగిరేని, దించెననియో కాచెననియో క్రియ వచ్చువఱకు తెనుగువాని మనస్సు నిలువదు. మన భాషలో క్రియ తుదకు వచ్చునది గావున ఈ నిరీక్షణము మనకు అనుక్షణానుభవము. ఆ తావున ‘ఉతికెను’ అని వచ్చినచో, వ్యాకరణలోపము లేకున్నను అర్థము పొసగదు. నిప్పుతో తడుపుట యను ఉదాహరణముతో తార్కికులు చూపిన యోగ్యతాభావము ఇట్టిదే.

1980లో మార్టా కూటాస్, స్టీవెన్ హిల్యార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కొందఱి తలలకు ఎలక్ట్రోడులు అమర్చి, ఒక్కొక్క పదముగా వాక్యములను చదివించిరి. రొట్టెపై వెన్నవంటిది పూసెనని ముగియవలసినచోట మేజోళ్లు పూసెనని ముగిసినప్పుడు, ఆ పదము కనబడిన ఇంచుమించు 400 మిల్లీసెకన్లకు మెదడు విద్యుత్తరంగమున ఋణాత్మకమైన వంపు పొడసూపెను. అర్థము చక్కగా కుదిరియుండి అక్షరములు మాత్రమే పెద్దవిగా కనబడినచో ఆ వంపు రాలేదు. వేఱొక ధనాత్మక తరంగము వచ్చెను. అనగా రూపవైచిత్రియు అర్థవిఘాతమును మెదడునకు ఒక్కటి కావు.

ఇంతకంటెను గంభీరమైనది అభావజ్ఞానము. నేలపై కుండ లేదని మనకెట్లు తెలియును? ఉండినచో కనబడవలసినదే, కనబడలేదు గనుక లేదు. దీనిని భాట్టమీమాంసకులు అనుపలబ్ధి యను ప్రత్యేక ప్రమాణముగా అంగీకరించిరి. నాడీశాస్త్రజ్ఞుడగు వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ కోతులపై చేసిన ప్రయోగములలో, సంకేతము కనబడిన పిదప పండ్లరసము లభించునని నేర్చిన కోతికి ఆ రసము ఈయనప్పుడు, అది రావలసిన ఆ క్షణముననే డోపమీన్ నాడీకణముల స్పందన తగ్గిపోయెను. ఈ ఫలితముల తాత్పర్యమును ఆయన డయాన్, మాంటేగ్ అను శాస్త్రజ్ఞులతో కలిసి 1997లో వివరించెను. బయట ఏమియు జరుగలేదు. జరుగవలసినది జరుగకపోవుటయే లోపల ఒక ఘటనమయ్యెను. ఏ నిరీక్షణమును లేనివానికి అభావమును తెలియదని భాట్టులు యుక్తిచే సాధించినదానికి ఇంతటి సన్నిహిత సాక్ష్యము మఱొకటి నాకు కానరాదు.

ఇక ప్రామాణ్యవివాదము. జ్ఞానము స్వతఃప్రమాణమనియు, విపరీతజ్ఞానము గాని కారణదోషము గాని తెలిసినప్పుడే అది తొలగింపబడుననియు కుమారిలభట్టు వాదించెను. నైయాయికులు జ్ఞానము పరీక్షకు నిలిచిన పిమ్మటనే ప్రమాణమనిరి. మెదడు నడవడి కుమారిలుని వర్ణనకే చేరువగా నున్నది: తన ఊహను ముందుగా నమ్మును, బాధకము తగిలినప్పుడు దిద్దుకొనును. అయినను ఇంతమాత్రమున మీమాంసకుడు గెలిచెననుట తొందరపాటు. మనము ఎట్లు నమ్ముచున్నామనునది వేఱు, అట్లు నమ్ముట న్యాయమా యనునది వేఱు. మొదటిదానికి ప్రయోగశాల సాక్ష్యమీయగలదు. రెండవదానిపై తీర్పు చెప్పు అధికారము దానికి లేదు, అది నేటికిని తర్కమీమాంసల పరిధిలోనిదే.